సొంత కంపెనీ నడుపుతూ బ్రిటన్ స్పౌజ్ వీసాకు ఆదాయం చూపించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

బ్రిటన్‌లో సొంత లిమిటెడ్ కంపెనీ ఉన్నవాళ్లు భార్యనో భర్తనో రప్పించుకోవాలనుకున్నప్పుడు ఎక్కువగా ఒకేచోట దెబ్బతింటారు. కంపెనీకి ఏడాదికి 70,000 పౌండ్ల లాభం వచ్చింది కాబట్టి 29,000 పౌండ్ల ఆదాయ నిబంధన తమకు సమస్యే కాదనుకుంటారు. పన్ను ఆదా కోసం అందులో 25,000 మాత్రమే బయటికి తీసి, మిగతాది కంపెనీ ఖాతాలోనే ఉంచేస్తారు. వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్ లెక్కలో వాళ్ల ఆదాయం 25,000. అంటే దరఖాస్తు తిరస్కరణే.

కంపెనీ సంపాదన వేరు, దాని యజమాని ఆదాయం వేరు. జీతంగానో డివిడెండ్‌గానో, సరైన కాగితాలతో, కంపెనీ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు మీ సొంత బ్యాంకు ఖాతాలో పడిన డబ్బే మీ ఆదాయం. సంవత్సరం ముగిశాక అకౌంటెంట్ ఎంత నేర్పరి అయినా వెనక్కి వెళ్లి దీన్ని సరిదిద్దలేడు. అందుకే పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి.

ముందు ఈ నిబంధన మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

ఇది బ్రిటిష్ పౌరసత్వం ఉన్నవాళ్లు, ఐఎల్ఆర్ వంటి స్థిర నివాస హోదా ఉన్నవాళ్లు జీవిత భాగస్వామిని తెచ్చుకునే మార్గం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న ఉద్యోగి భార్య డిపెండెంట్‌గా వచ్చే పద్ధతి పూర్తిగా వేరు, దానికి ఈ 29,000 లెక్క లేదు. మనవాళ్లలో ఈ రెండింటినీ కలిపేసుకుని కంగారు పడేవాళ్లు చాలామంది.

2024 ఏప్రిల్ 11 నుంచి కనీస ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు. పన్ను కోయకముందు మొత్తమే చూస్తారు. పిల్లలున్నా ఈ అంకె పెరగదు. ఆ తేదీకి ముందే ఈ మార్గంలోకి వచ్చి అదే భాగస్వామితో కొనసాగుతున్నవాళ్లకు మాత్రం పాత అంకె 18,600 వర్తిస్తుంది. పిల్లలుంటే మొదటి బిడ్డకు 3,800, తర్వాత ఒక్కొక్కరికి 2,400 చొప్పున కలుస్తుంది, అయితే మొత్తం 29,000 దాటదు. అంకెలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే వారంలో గవ్.యూకే సైటులో మరోసారి సరిచూసుకోవాలి.

భాగస్వామి భారతదేశం నుంచి దరఖాస్తు పెడుతుంటే, అక్కడ ఆమె ఉద్యోగం చేసి తెచ్చుకునే జీతం ఎంతైనా లెక్కలోకి రాదు. హైదరాబాద్‌లో నెలకు రెండు లక్షలు సంపాదించే అమ్మాయి అయినా, 29,000 చూపించాల్సిన భారం బ్రిటన్‌లో ఉన్న భర్తదే. ఆమె ఇప్పటికే పని చేసుకునే అనుమతితో బ్రిటన్‌లో ఉండి, అక్కడి నుంచే దరఖాస్తు పెడితే ఇద్దరి ఆదాయాలూ కలపవచ్చు.

మీ కంపెనీ ఏ కోవలోకి వస్తుంది?

వలస నిబంధనల్లో అపెండిక్స్ ఎఫ్ఎం, దానికి కావలసిన పత్రాలను చెప్పే అపెండిక్స్ ఎఫ్ఎం-ఎస్ఈ అని రెండు భాగాలున్నాయి. ఆదాయ మార్గాలను కేటగిరీ ఎ నుంచి జి వరకు విడదీశారు. మామూలు ఉద్యోగులకు ఎ, బి. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు పనిచేసి జీతం సరిపోతే ఆరు నెలల పేస్లిప్పులతో ఎ కింద పని అయిపోతుంది. కుటుంబ కంపెనీ యజమానులకు ఆ సౌకర్యం లేదు. వాళ్లు ఎఫ్ లేదా జి కింద రావాలి. ఎఫ్ అంటే చివరి పూర్తి ఆర్థిక సంవత్సరం, జి అంటే చివరి రెండు సంవత్సరాల సగటు.

ఏ కంపెనీని ఈ కోవలో పెడతారో జాగ్రత్తగా చదవండి. మూడు షరతులూ ఉండాలి. మీరు బ్రిటన్‌లోని ఆ కంపెనీలోనో, అదే గ్రూపులోని మరో కంపెనీలోనో డైరెక్టర్ లేదా ఉద్యోగి అయి ఉండాలి. దాని వాటాలు మీ చేతిలోనో, మీ భాగస్వామి చేతిలోనో, ఇద్దరిలో ఎవరి తరఫు దగ్గరి బంధువుల చేతిలోనో ఉండాలి. మిగిలిన వాటాలేమైనా ఉంటే అవి ఐదుగురి కంటే తక్కువ మంది బయటివాళ్ల దగ్గర ఉండాలి.

ఆ బంధువుల జాబితా చాలా పొడుగు. తల్లిదండ్రులు, తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, పిల్లలు, సవతి పిల్లలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని, వాళ్ల పిల్లలు కూడా. తోబుట్టువుల పిల్లలు సరేసరి. ఇవే వరసలు భార్య తరఫున కూడా వర్తిస్తాయి కాబట్టి బావమరిది, మామగారు ఇందులో ఉన్నట్టే.

కంపెనీ తనది కానివాళ్లు కూడా ఈ జాబితా వల్లే చిక్కుల్లో పడతారు. లెస్టర్‌లో మేనమామ రెస్టారెంటు నడుపుతున్నాడు, వాటాలన్నీ ఆయనవీ అత్తవీ. మీరక్కడ మేనేజరు, ఒక్క వాటా కూడా లేదు, నెల నెలా జీతం. మీ దృష్టిలో ఇది మామూలు ఉద్యోగం. నిబంధనల దృష్టిలో మీరు ఎఫ్ కిందికే వస్తారు. ఆరు నెలల పేస్లిప్పులతో ఎ కింద పెడితే అవసరమైన పత్రాలు లేవని తిరస్కరించవచ్చు. మేనమామ కంపెనీ పన్ను రిటర్ను, లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ మీ దరఖాస్తులో పెట్టాల్సి వస్తుంది. ఆయన అవి ఇవ్వడానికి ఒప్పుకుంటాడో లేదో ముందే మాట్లాడుకోవాలి. చివరి వారంలో అడిగితే మాటపట్టింపులు వస్తాయి.

ఐటీ కాంట్రాక్టర్లకు ఇంకో మాట. అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్లను తన పేరోల్‌లో పెట్టుకుని జీతమిచ్చే మధ్యవర్తి సంస్థ) ద్వారా పనిచేసేవాళ్లు దాని ఉద్యోగులు, వాళ్లు ఎ లేదా బి కిందికి వస్తారు. సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని దాని పేరుతో బిల్లు పంపేవాళ్లే ఎఫ్ కిందికి వస్తారు. ఇక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రిజిస్టరైన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఈ కోవలోకి రాదు, ఇది బ్రిటన్ కంపెనీలకే.

29,000 చూపించాలంటే కంపెనీకి ఎంత లాభం ఉండాలి?

ఒక్కడే డైరెక్టర్, ఇంకెవరూ ఉద్యోగులు లేని కంపెనీని తీసుకుందాం. చాలామంది అకౌంటెంట్లు చెప్పే పద్ధతి ఏడాదికి 12,570 పౌండ్ల జీతం, మిగతాది డివిడెండ్. జీతం ఆ అంకె దగ్గర ఆగితే వ్యక్తిగత మినహాయింపు లోపలే ఉంటుంది, ఉద్యోగి వైపు నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా) కూడా పడదు. అప్పుడు కావాల్సిన డివిడెండ్ 16,430. రెండూ కలిపితే సరిగ్గా 29,000.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. 2025 ఏప్రిల్ నుంచి యజమాని చెల్లించే నేషనల్ ఇన్సూరెన్స్ 5,000 దాటిన జీతం మీద 15 శాతం. 12,570లో 5,000 తీసేస్తే 7,570, దాని మీద 15 శాతం సుమారు 1,136. ఒంటరి డైరెక్టర్ కంపెనీకి ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్ అనే రాయితీ రాదు కాబట్టి ఇది కట్టాల్సిందే. డివిడెండ్ కార్పొరేషన్ పన్ను కట్టాక మిగిలిన లాభంలోంచే ఇవ్వాలి. 50,000 లోపు లాభానికి పన్ను 19 శాతం. 16,430 మిగలాలంటే పన్నుకు ముందు సుమారు 20,284 ఉండాలి. మూడూ కలిపితే 33,990. అంటే మీ జీతం తీయకముందు, మిగతా ఖర్చులన్నీ పోగా, కంపెనీకి కనీసం 34,000 పౌండ్లు మిగలాలి.

సరిగ్గా 29,000 దగ్గర ఆపడం మాత్రం మంచిది కాదు. ఒక డివిడెండ్ మీద సందేహం వచ్చినా, ఒక నెల జీతం తేదీ సంవత్సరం అవతల పడినా మొత్తం కిందికి జారుతుంది. 31,000 నుంచి 32,000 తీసుకుంటే ఆ భయం ఉండదు. అదనంగా పడే డివిడెండ్ పన్ను, తిరస్కరణతో పోయే వీసా ఫీజు కంటే చాలా తక్కువ.

లెక్కలోకి రానివి

కంపెనీలో మిగిల్చిన లాభం రాదు. డైరెక్టర్స్ లోన్‌గా తీసుకున్న డబ్బు ఆదాయం కాదు, అది మీరు కంపెనీకి తీర్చాల్సిన అప్పు. పెట్రోలు, ప్రయాణం, ఫోను బిల్లుల కింద వెనక్కి వచ్చిన ఖర్చులు రావు. వ్యాపార ఖాతాలో ఎంత నిల్వ ఉన్నా అది మీ పొదుపు కాదు.

కాగితం మీద ప్రకటించి, బ్యాంకులో వేయకుండా డైరెక్టర్స్ లోన్ ఖాతాలో జమ రాసిన డివిడెండ్ పన్ను శాఖకు ఆదాయమే కావచ్చు. వీసాకు మాత్రం మీ సొంత ఖాతాలో పడినట్టు స్టేట్‌మెంటు చూపించాలి. జీతం కూడా అంతే. ఏడాది చివర ఒక్క జర్నల్ ఎంట్రీతో 12,570 రాసేసే అలవాటు చిన్న కంపెనీల్లో బాగా ఉంది. వీసా సంవత్సరంలో ఆ అలవాటు పూర్తిగా మానుకోవాలి.

సంవత్సరం పొడుగునా చేయాల్సిన పని

మీ కంపెనీ సంవత్సరం మార్చి 31తో ముగుస్తుందనుకుందాం.

1. ఏప్రిల్ మొదటి నెల నుంచే జీతం పేరోల్‌లో పెట్టించండి. నెలకు 1,047.50 చొప్పున, ఒకే తేదీన, వ్యాపార ఖాతా నుంచి మీ సొంత ఖాతాకు పంపాలి. పేస్లిప్పులో చేతికొచ్చే మొత్తం, బ్యాంకులో పడిన మొత్తం పెన్నీ తేడా లేకుండా ఉండాలి.

2. ప్రతి డివిడెండ్‌కూ ముందు పంచదగ్గ లాభం ఉందో లేదో అకౌంటెంటుతో చూపించుకోండి. లాభం లేకుండా పంచిన డివిడెండ్ చట్టవిరుద్ధం, తర్వాత లెక్కల్లో అది అప్పుగా మారిపోతుంది. ఆ రోజే బోర్డు తీర్మానం, డివిడెండ్ వోచరు తయారు చేసి, అదే మొత్తాన్ని విడిగా బదిలీ చేయండి. రిఫరెన్సులో డివిడెండ్ అని రాయండి. జీతం, డివిడెండ్, ఖర్చులు కలిపి ఒకేసారి 3,000 వేస్తే అధికారికి అందులో ఏది ఏమిటో తెలియదు.

3. డబ్బు మీ పేరున్న ఖాతాలోకి, లేదా మీ ఇద్దరి ఉమ్మడి ఖాతాలోకి వెళ్లాలి. నాన్న ఖాతాలోకి, అన్న ఖాతాలోకి వేయకండి.

4. ఫిబ్రవరిలో కూర్చుని మొత్తం కూడండి. తక్కువ ఉంటే చివరి డివిడెండ్ మార్చి 31కి ముందే ప్రకటించి, ముందే బదిలీ చేయండి. 30వ తేదీ సాయంత్రం దాకా ఆగితే బ్యాంకు సెలవో, పరిమితో అడ్డొచ్చి డబ్బు ఏప్రిల్‌లో పడుతుంది.

5. ఏప్రిల్, మే నెలల్లో లెక్కలు పూర్తి చేయించి సీటీ600 పన్ను రిటర్ను దాఖలు చేయించండి. చట్టప్రకారం దీనికి సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల గడువు ఉంది, కాబట్టి అకౌంటెంటు తొందరపడడు. మీ వీసా సంగతి ముందే చెప్పి తేదీ ఖాయం చేసుకోవాలి.

6. దరఖాస్తు పెట్టే రోజు వరకు జీతం, డివిడెండ్ ఆగకూడదు. ఆదాయం ఇంకా కొనసాగుతోందని కూడా రుజువు చూపించాలి.

జూన్‌లో పెడితే ఆ మార్చితో ముగిసిన సంవత్సరమే చివరి పూర్తి సంవత్సరం. వచ్చే మార్చి 31 దాటితే కొత్త సంవత్సరం లెక్కలు కావాల్సి వస్తుంది. కాబట్టి పాత సంవత్సరం బాగుండి, నడుస్తున్న సంవత్సరం బలహీనంగా ఉంటే ఆలస్యం చేయకండి. తప్పు సరిచేసుకోవడానికి సంవత్సరాంతం తేదీని ముందుకు జరిపితే పన్నెండు నెలల కంటే చిన్న కాలం తయారవుతుంది, అది పూర్తి సంవత్సరం కాదు.

కొత్త కంపెనీలకు ఇంకో మెలిక. జూన్ 12న రిజిస్టరైన కంపెనీకి మొదటి లెక్కల తేదీ మామూలుగా వచ్చే ఏడాది జూన్ 30 అవుతుంది. వ్యాపారం అదే రోజు మొదలైతే లెక్కలు పన్నెండు నెలలు దాటతాయి. సీటీ600 మాత్రం పన్నెండు నెలలకు మించకూడదు, అందుకే రెండు రిటర్నులు పడతాయి: ఒకటి జూన్ 11 వరకు, రెండోది మిగిలిన 19 రోజులకు. మీ జీతం, డివిడెండ్ మొత్తం ఆ పన్నెండు నెలల రిటర్ను కాలంలో పడేలా చూసుకోండి. రెండు రిటర్నులు ఎందుకు వచ్చాయో అకౌంటెంటు చేత ఒక ఉత్తరం రాయించి జతచేయండి.

పత్రాలు: ఏవి, ఏ కాలానికి

ఇక్కడ ఒకటే తాళం చెవి. కింద చెప్పే స్టేట్‌మెంట్లు, పేస్లిప్పులు అన్నీ సీటీ600 మీద రాసిన ఆ పన్నెండు నెలలకే సరిపోవాలి. ఒక నెల తప్పినా మొత్తం కట్ట బలహీనపడుతుంది.

కంపెనీ వైపు నుంచి కావాల్సినవి: చివరి పూర్తి సంవత్సరం సీటీ600, దాన్ని హెచ్ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్ను శాఖ) అందుకున్నట్టు రసీదు. రసీదు లేకుండా రిటర్ను ఒక్కటే పెట్టడం తరచూ జరిగే పొరపాటు. కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్‌లో నమోదు రుజువు, అక్కడి నుంచే తాజాగా తీసిన డైరెక్టర్ల నియామక నివేదిక. ఆడిట్ తప్పనిసరైన కంపెనీ అయితే ఆడిట్ చేసిన లెక్కలు. చిన్న కంపెనీలకు సాధారణంగా ఆడిట్ అక్కర్లేదు కాబట్టి ఆడిట్ చేయని లెక్కలు, వాటితో పాటు అకౌంటెంటు ధ్రువీకరణ పత్రం. ఆ అకౌంటెంటు నిబంధనలు గుర్తించే సంస్థలో సభ్యుడై ఉండాలి, ఉదాహరణకు ఐసీఏఈడబ్ల్యూ లేదా ఏసీసీఏ. తక్కువ ఫీజుకు లెక్కలు రాసిపెట్టే బుక్‌కీపర్‌కు ఆ సభ్యత్వం ఉండకపోవచ్చు, ముందే అడగండి. పన్నెండు నెలల వ్యాపార ఖాతా స్టేట్‌మెంట్లు, ఒక్క పేజీ కూడా వదలకుండా.

వీటికి తోడు మూడింటిలో ఒకటి కావాలి: వ్యాట్ రిజిస్ట్రేషన్ పత్రంతో పాటు ఆ ఏడాది వ్యాట్ రిటర్ను, లేదా వ్యాపార స్థలం సొంతమనో లీజుకు తీసుకున్నదనో రుజువు, లేదా పీఏవైఈ (జీతంలోంచే పన్ను కోసి కట్టే పద్ధతి) కింద యజమానిగా నమోదైనట్టు హెచ్ఎంఆర్‌సీ ఇచ్చిన పత్రం. ఇంటి నుంచి పనిచేసే ఐటీ కాంట్రాక్టరుకు మూడోదే సులువు. అందులో పీఏవైఈ నంబరు, అకౌంట్స్ ఆఫీస్ నంబరు రెండూ కనబడాలి. కంపెనీ పెట్టినప్పుడు వచ్చిన ఆ ఉత్తరం చాలామంది దగ్గర పోయి ఉంటుంది. మళ్లీ తెప్పించుకోవడానికి సమయం పడుతుంది, ముందే వెతకండి.

మీ వైపు నుంచి: పన్నెండు నెలల పేస్లిప్పులు, పీ60 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే పత్రం), ప్రతి డివిడెండ్‌కూ వోచరు, అదే కాలానికి సొంత ఖాతా స్టేట్‌మెంట్లు. పీ60 ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 5 వరకు ఉండే పన్ను సంవత్సరానిది. మీ కంపెనీ సంవత్సరం జులైలోనో డిసెంబరులోనో ముగిస్తే రెండు పన్ను సంవత్సరాల పీ60లూ అవసరం పడతాయి. చివరగా, సంవత్సరం ముగిశాక ఇప్పటివరకు వచ్చిన పేస్లిప్పులు, వోచర్లు, స్టేట్‌మెంట్లు.

అన్నీ చేరాక ఒక పేజీలో పట్టిక వేయండి: తేదీ, జీతమా డివిడెండా, మొత్తం, ఏ పేస్లిప్పు లేదా వోచరు, స్టేట్‌మెంటులో ఎన్నో పేజీ. నిబంధన దీన్ని అడగదు. కానీ వందల పేజీల్లో మీ 29,000ను అధికారి వెతుక్కోకుండా చేసేది ఈ పేజీయే, పైగా మీ పొరపాట్లు మీకు ముందుగా కనబడేదీ ఇక్కడే.

మొత్తం తక్కువ పడితే

మొదట జి చూడండి. నిరుడు 34,000 తీసి, ఈ ఏడాది 25,000 తీశారనుకోండి, సగటు 29,500. రెండేళ్ల పత్రాలూ పూర్తిగా పెట్టాలి.

తర్వాత, అదే ఆర్థిక సంవత్సరంలో వచ్చిన మరో ఆదాయం ఉందేమో చూడండి. పక్కన చేసే ఉద్యోగం జీతం కలపవచ్చు, దరఖాస్తు రోజుకు ఆ ఉద్యోగం ఉండాలి. అద్దె కూడా కలపవచ్చు, అది భారతదేశంలోని ఇంటిదైనా సరే. కూకట్‌పల్లి ఫ్లాటు అద్దె చూపించాలంటే యాజమాన్య పత్రం, అద్దె ఒప్పందం, అద్దె పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. అద్దె చేతికి నగదుగా తీసుకుంటే చూపించేందుకు ఏమీ ఉండదు. ఫ్లాటు మీదీ తమ్ముడిదీ ఉమ్మడి అయితే మీ వాటా మేరకే లెక్క. తెలుగులో ఉన్న రిజిస్ట్రేషన్ పత్రాలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

పొదుపుతో లోటు పూడ్చవచ్చా అని అందరూ అడుగుతారు. ఎఫ్, జి కింద వచ్చేవాళ్లు పూడ్చలేరు. ఉద్యోగులకు ఉన్న ఆ వెసులుబాటు కంపెనీ యజమానులకూ స్వయం ఉపాధివాళ్లకూ లేదు. 28,500 ఆదాయం ఉండి బ్యాంకులో 60,000 ఉన్నా ఈ రెంటినీ కలపలేరు. పొదుపు ఒక్కదాని మీదే వెళ్లాలంటే 88,500 పౌండ్లు ఉండాలి: 16,000కు 29,000ను రెండున్నర రెట్లు చేసి కలిపిన మొత్తం. అది ఆరు నెలలుగా మీ అధీనంలో, సొంత ఖాతాలో ఉండాలి.

లిమిటెడ్ కంపెనీ కాకుండా సోల్ ట్రేడర్ అయితే

వ్యాపారం మీ సొంత పేరు మీదే ఉంటే, ఖర్చులు పోగా మిగిలిన పన్ను కట్టదగ్గ లాభమంతా మీ ఆదాయమే. అందులో ఎంత ఇంటికి తీసుకున్నారనేది లెక్క కాదు. సంవత్సరం ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 5 వరకు. సెల్ఫ్ అసెస్‌మెంట్ రిటర్ను (మీరే దాఖలు చేసే సొంత పన్ను రిటర్ను), దాని పన్ను లెక్క చూపే ఎస్ఏ302, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముఖ్యమైనవి. ఖర్చులు ఎక్కువ చూపించి లాభం 18,000కు తగ్గించుకుంటే వీసాకూ అదే 18,000 వస్తుంది. వీసా దగ్గర్లో ఉన్న సోల్ ట్రేడర్ మధ్యలో లిమిటెడ్ కంపెనీగా మారకపోవడమే మంచిది, రెండు రకాల లెక్కల్లో దేనికీ పూర్తి సంవత్సరం లేకుండా పోయే ప్రమాదం ఉంది.

రెండో పరీక్ష: పొడిగింపు

విదేశం నుంచి వచ్చే మొదటి వీసా 33 నెలలు. తర్వాత పొడిగింపుకు మళ్లీ ఇదే ఆదాయ పరీక్ష ఉంటుంది. వీసా మే నెలలో ముగుస్తూ, కంపెనీ సంవత్సరం మార్చి 31తో ముగిస్తే, లెక్కలు మూసి సీటీ600 దాఖలు చేయడానికి ఆరేడు వారాలే దొరుకుతాయి. వీసా చేతికొచ్చిన రోజే ఈ రెండు తేదీలనూ పక్కపక్కన రాసుకుని అకౌంటెంటుకు పంపండి.

అయితే అప్పటికి పరిస్థితి మీకు అనుకూలంగా మారి ఉంటుంది. భార్య బ్రిటన్‌లో పని చేసుకోవచ్చు కాబట్టి ఆమె జీతం కూడా లెక్కలోకి వస్తుంది. ఆమె బయటి సంస్థలో ఏడాదికి 29,000 లేదా అంతకు మించిన జీతంతో ఆరు నెలలు పూర్తి చేసి ఉంటే, కేటగిరీ ఎ కింద ఆమె పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, యజమాని ఉత్తరంతోనే ఆదాయ నిబంధన పూర్తవుతుంది. కంపెనీ కాగితాలు బయటికి తీయాల్సిన పని ఉండదు. ఆమెను మీ సొంత కంపెనీలోనే ఉద్యోగంలో పెడితే మాత్రం మళ్లీ ఎఫ్ కిందికే రావాలి.